గాలి ఉంది, పటమూ ఉంది – మరి గాలిపటం చరిత్ర?

చరిత్ర నిలవాలంటే రాయి కావాలి, రాగిరేకు కావాలి, కనీసం తాటాకైనా కావాలి. మా తిరుపతికి ఈ మూడింటిలో దేనికీ కొదవ లేదు. తిరుమల గుడి గోడల మీది శాసనాలను దేవస్థానం వారు 1930లలో సంపుటాలుగా అచ్చు వేయించారు. ఏ నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి కొలిచి ఇవ్వాలో కూడా ఆ రాళ్ళ మీద చెక్కి ఉంది. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు నిద్రపోయి, 1920లలో పరిశోధకుల చేతికి వచ్చాయి. తాటాకు గ్రంథాలకు ప్రాచ్య పరిశోధన సంస్థ అరలున్నాయి. ఇంతటి దస్త్రాల ఊళ్ళో కూర్చుని నేను చరిత్ర వెతుకుతున్న వస్తువు మాత్రం ఒక కాగితం, రెండు పుల్లలు, కొంత దారం. పొద్దున ఎగిరి, మధ్యాహ్నానికి చెట్టుకు చిక్కి, రాత్రి కురిసే నాలుగు చినుకులకు నానిపోయే గాలిపటం.

"పిల్లల ఆటకు చరిత్ర ఏమిటండీ?" అని ఒక మిత్రుడు అడిగాడు. నిజానికి ఆ ప్రశ్నలోనే జవాబుంది. పన్ను కట్టని వస్తువుకు సర్కారు దస్త్రం ఉండదు. దేవుడికి సమర్పించని వస్తువుకు శాసనం ఉండదు. గాలిపటం ఈ రెండింటికీ చెందదు. కనుక దాని చరిత్ర వెతికేవాడు రాళ్ళను పక్కనపెట్టి వేరే సాక్షులను పిలవాలి. నాకు ఐదుగురు కనిపించారు: మాట, కాగితం, గాలి, చట్టం, చెయ్యి. ఒక్కొక్కరు చెప్పేదీ విందాం.

ముందుగా మాట. గాలిపటం అన్న పదంలో "పటం" సంస్కృతంలో వస్త్రం. తెలుగులోకి వచ్చాక అది బొమ్మ గీసిన గుడ్డ అయింది, ఆపైన బొమ్మే అయింది. అందుకే మన ఇళ్ళలో దేవుడి పటాలున్నాయి, బడిలో దేశపటం ఉంది, తెలంగాణ పల్లెల్లో పటం విప్పి కథ చెప్పే కళాకారులున్నారు. నిఘంటువుల్లో గాలిపటానికి గాలిపడగ అన్న మరో పేరు కూడా కనిపిస్తుంది. పడగ అంటే జెండా. అంటే ఈ వస్తువుకు మనవాళ్ళు పేరు పెట్టినప్పుడు వారి కళ్ళకు తోచింది గాలిలో ఆడే గుడ్డ. పక్కనున్న కన్నడిగులు కూడా "గాళిపట" అనే అంటారు. తమిళులు పట్టం అంటారు, కాత్తాడి అంటారు. మూడు భాషలూ కలిసే చిత్తూరు జిల్లాలో ఈ మాటలన్నీ ఒకే సంతలో వినపడతాయి.

హైదరాబాదు వైపు వెళితే మాట మారిపోతుంది. అక్కడ అది పతంగి. సంస్కృతంలో పతంగమంటే ఎగిరేది. పక్షికీ, మిడతకూ, సూర్యుడికీ కూడా ఆ పేరుంది. కానీ మన తెలంగాణకు పతంగి నేరుగా సంస్కృతం నుంచి కాక హిందుస్తానీ దారిలో వచ్చింది. మాంజా, చరఖా కూడా ఆ దారి వెంట వచ్చినవే. పందెం భాష అంతా అటునుంచి వచ్చింది. కానీ గాలిపటాన్ని దారానికి తగిలించే ముడిని మాత్రం మనం "సూత్రం" అంటాం. గాలిపటం ఎగురుతుందా, గిరికీలు కొట్టి నేల కరుస్తుందా అన్నది ఆ సూత్రం కట్టడంలోనే ఉంది. ఎగరడానికి మనకో మాట, పోటీ పడడానికి ఇంకొకరి మాట. ఒక ఆట ఏయే దారుల్లో ఊళ్ళోకి వచ్చిందో ఇలాంటి మాటల మూటలు విప్పితే కొంత తెలుస్తుంది.

రెండో సాక్షి కాగితం. గాలిపటం పుట్టుక గురించి రాసేవారంతా చైనాతో మొదలుపెడతారు. క్రీస్తుకు పూర్వం ఐదో శతాబ్దంలో మోజి అనే తాత్వికుడు మూడేళ్ళు శ్రమించి చెక్కతో ఎగిరే పక్షిని చేశాడనీ, అది ఒక్కరోజు ఎగిరి విరిగిపోయిందనీ అక్కడి కథ. మలయా, ఇండోనేషియా దీవుల వారు ఆకులతోనే గాలిపటాలు కట్టారు. మన దేశపు సాక్ష్యాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది నామదేవుడిది. 1604లో కూర్చిన సిక్కుల ఆది గ్రంథంలో ఆ మహారాష్ట్ర భక్తుడి పాట ఒకటుంది. ఒక కుర్రవాడు కాగితం తెచ్చి, కోసి, గాలిపటం చేసి ఎగరేస్తాడు. చుట్టూ ఉన్న స్నేహితులతో కబుర్లు చెబుతూనే ఉంటాడు, మనసు మాత్రం దారం మీదే ఉంటుంది. భక్తుడి మనసు దేవుడి మీద అలా ఉండాలంటాడు నామదేవుడు.

భక్తి సంగతి పెద్దలకు వదిలేసి చరిత్ర కంటితో చూడండి. ఇందులో కాగితముంది, దాన్ని కోయడముంది, దారముంది, చుట్టూ చేరిన మిత్రులున్నారు. ఉపమానం అందరికీ తెలిసిన వస్తువు నుంచే తీసుకుంటారు కనుక, ఆ పాట పుట్టిన చోట గాలిపటం అప్పటికే వీధి పిల్లల ఆట. ఏ శాసనమూ చెప్పని మాటను ఒక భజన చెబుతోంది.

మరి మన సీమలో? ఇక్కడ కాగితం సంగతి ఆలోచించాలి. కాగితం అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. మన ఊళ్ళలో కరణాల లెక్కలు చాలాకాలం తాటాకు కవిలెల్లో నడిచాయి. 1800 ప్రాంతంలో కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కైఫీయతులు సేకరించినప్పుడు చాలాచోట్ల ఆధారాలుగా దొరికినవి ఆ కవిలెలే. ఊరి లెక్కకే తాటాకు వాడుతున్న కాలంలో, చించి గాలికి వదలడానికి పిల్లవాడి చేతికి కాగితం ఎవరిస్తారు? అందువల్ల నా ఊహ ఇది: కోటల్లో, పట్టణాల్లో, సైన్యాల వెంట గాలిపటం ముందే ఉండవచ్చు. కానీ పల్లె పిల్లవాడి గాలిపటం వయసు చవక కాగితం వయసే, అంటే అచ్చు యంత్రం, బడి, వార్తాపత్రిక వచ్చిన తరువాతి మాట. మా చిన్నతనంలో మేం కట్టిన గాలిపటాలన్నీ పాత పత్రికలతో చేసినవే. ఈ ఊహ నిలుస్తుందో లేదో పెద్దలు తేల్చాలి. గాలిపటం చరిత్ర రాయాలనుకునేవాడు కాగితం చరిత్ర తెలుసుకోక తప్పదన్నది మాత్రం ఖాయం.

మూడో సాక్షి గాలి. గాలిపటాల పండుగలను దేవుళ్ళతో, రుతువులతో ముడిపెడతాం కానీ, వాటి అసలు పంచాంగం గాలిదే. గుజరాతులో, హైదరాబాదులో సంక్రాంతి. లక్నోలో దీపావళి మర్నాడు. ఢిల్లీలో ఆగస్టు 15. పంజాబులో వసంత పంచమి. తైవానులో, చైనాలో కొన్నిచోట్ల తొమ్మిదో నెల తొమ్మిదో రోజు. ఎక్కడి గాలి ఎప్పుడు అనువైతే అక్కడ అప్పుడు పండుగ. మా వైపు సంక్రాంతి అనగానే ముందు గుర్తొచ్చేది ఆకాశం కాదు, పశువులు. చంద్రగిరి దగ్గరి రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులను చూడడానికి జనం మిద్దెలెక్కుతారు. ఇక్కడి గాలికి మరో ఋతువుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో పడమటి కనుమలు వానను ఆపేసి, మన సీమకు ఎక్కువగా గాలినే పంపుతాయి. ఆషాఢం గాలి అని మనం అనేది అదే. దుమ్ము లేపి, తడికెలు పడగొట్టే ఆ గాలికి తోకలేని గాలిపటం నిలవదు. పాత గుడ్డపీలిక తోక కడితే నిలుస్తుంది. తోక బరువుకన్నా అది గాలికి ఇచ్చే అడ్డు ముఖ్యం. అదే గాలిపటాన్ని అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచుతుంది.

ఈ గాలి గురించి ఒక విశేషం చెప్పాలి. మన దేశంలో ఆకాశపు గాలిని అతి నిశితంగా కొలిచే చోట్లలో ఒకటి మా తిరుపతికి దగ్గర్లోనే, చిత్తూరు వెళ్ళే దారిలోని గాదంకిలో ఉంది. అక్కడ 1990ల తొలినాళ్ళలో ఒక పెద్ద రాడారును నెలకొల్పారు. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు నేలలో 1024 యాంటెన్నాలు వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో నిలిచి ఉంటాయి. 2005 నుంచి ఆ కేంద్రానికి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు. వానాకాలంలో కిలోమీటరున్నర ఎత్తున పడమటి నుంచి దూసుకువచ్చే గాలి ప్రవాహం, 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున అందుకు ఎదురుగా తూర్పు నుంచి పరుగెత్తే మరో ప్రవాహం, రెండూ మన నెత్తి మీదుగానే పోతున్నాయి. ఆ పైనున్న తూర్పు ప్రవాహాన్ని 1950లలో లోకానికి వివరించిన వారిలో ముఖ్యుడు భారత వాతావరణ శాఖకు చెందిన పంచేటి కోటేశ్వరం.

ఈ రాడారుకు పూర్వీకుడెవరో తెలుసా? గాలిపటమే. 1749లో గ్లాస్గోలో అలెగ్జాండర్ విల్సన్, థామస్ మెల్విల్ ఒకే దారానికి వరుసగా గాలిపటాలు కట్టి, వాటితో ఉష్ణమాపకాలను మేఘాల్లోకి పంపారు. ఫ్రాంక్లిన్ మెరుపు ప్రయోగం 1752లో. 1893లో ఆస్ట్రేలియాలో లారెన్స్ హార్‌గ్రేవ్ పెట్టె ఆకారపు గాలిపటం చేశాడు. రైట్ సోదరులు 1899లో తమ రెక్క మెలితిప్పే ఆలోచనను ముందు గాలిపటం మీదే పరీక్షించారు. 1901 డిసెంబరు 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లో అట్లాంటిక్ దాటి వచ్చిన రేడియో సంకేతాన్ని అందుకున్నప్పుడు, ఆయన తీగను పైకి ఎత్తి పట్టుకున్నది గాలిపటమే. 1919లో జర్మనీలోని లిండెన్‌బర్గ్‌లో ఎనిమిది గాలిపటాల వరుస 9,740 మీటర్ల ఎత్తుకు చేరింది. ఆ తరువాత ఆ పని బెలూన్లకు, బెలూన్ల తోడుగా రాడార్లకు అప్పజెప్పి గాలిపటం మళ్ళీ పిల్లల చేతికి వచ్చింది. గాదంకిలో యంత్రం చెప్పే "గాలి ఎటు, ఎంత" అన్న సంగతినే మిద్దె మీది కుర్రవాడు చూపుడువేలి మీద దారం బిగువును బట్టి చెబుతాడు. వాడిది చిన్న ఎత్తు, దీనిది పెద్ద ఎత్తు, అంతే తేడా.

నాలుగో సాక్షి చట్టం. మన దేశపు 1934 నాటి విమానాల చట్టం తెరిచి చూస్తే చిత్రమైన విషయం కనిపిస్తుంది. విమానమంటే ఏమిటో నిర్వచిస్తూ బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాలను కూడా ఆ జాబితాలో చేర్చారు. 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమం దాని స్థానంలోకి వచ్చేదాకా, తొంభై ఏళ్ళ పాటు ఆ నిర్వచనం అమల్లో ఉంది. ఆ లెక్కన అర్ధణా కాగితంతో గాలిపటం కట్టిన ప్రతి పిల్లవాడూ ఒక విమాన నిర్మాతే!

నవ్వుకునే సంగతి అక్కడితో ముగుస్తుంది. 2017 జూలై 11న జాతీయ హరిత న్యాయస్థానం నైలాను వంటి కృత్రిమ దారాల మాంజాను, గాజుపొడి పూసిన మాంజాను దేశమంతటా నిషేధించింది. అవసరమైన తీర్పే. ఆ దారం పక్షుల రెక్కలు కోసింది, ద్విచక్రవాహనాల మీద వెళ్ళేవారి గొంతులు కోసింది. వెనకటి నూలు మాంజాకు కూడా అన్నం గంజిలో గాజుపొడి కలిపి పూసేవారు కానీ, నూలు తెగుతుంది, మట్టిలో కలుస్తుంది. నైలాను తెగదు, చెట్టు మీద ఏళ్ళ తరబడి ఉచ్చులా వేలాడుతుంది. తీర్పుతో నాకు పేచీ లేదు. నా దిగులు వేరు. రేపు ఎవరైనా ఈ కాలపు గాలిపటం చరిత్ర రాయబోతే వారికి దొరికే కాగితాలు పోలీసు కేసులూ, నిషేధ ఉత్తర్వులూ, ఆసుపత్రి వార్తలూ మాత్రమే అయితే ఎలా? వెదురు చీల్చిన వేళ్ళ గురించి ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను శ్రీకాళహస్తికి వెళ్ళాను. తిరుపతికి గంట ప్రయాణం కూడా కాదు. అక్కడి శివుడు వాయులింగం, గాలి రూపం. గర్భగుడిలో గాలి చొరబడని చోట కూడా దీపం రెపరెపలాడుతూ ఉంటుందని భక్తులు చూపిస్తారు. ఊరి పేరులో మొదటి అక్షరమైన "శ్రీ" సాలెపురుగు, దారం అల్లి దేవుడిని కొలిచిన జీవి. ఇక ఆ ఊరు లోకానికి ఇచ్చింది పటం, చేత్తో గీసిన కలంకారీ పటం. గాలి, దారం, పటం మూడూ ఒకే ఊళ్ళో! ఇది కాకతాళీయమే, దీన్ని బట్టి గాలిపటం కాళహస్తిలో పుట్టిందని వాదిస్తే చరిత్ర కాదు, గాలిమాట అవుతుంది. కానీ రెండు పటాల బతుకులను పోల్చి చూడడానికి అంతకంటే మంచి చోటు లేదు.

కలంకారీ పనివారి దగ్గర కూర్చుని చూస్తే మొదట కంటబడేది వెదురు. వారి కలం వెదురు పుల్లే, మొన పైన ఉన్ని చుట్టి, దారంతో కట్టి, రంగు పీల్చుకునేలా చేస్తారు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నల్లగీత గీస్తారు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఈ విద్య తెలిసినవారు ఆ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. అప్పుడు కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల మండలి కదిలింది. 1950ల చివర అక్కడ ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. మిగిలిన పెద్దలను గురువులుగా కూర్చోబెట్టి కుర్రవాళ్ళకు నేర్పించారు. ఆ గురువుల్లో జొన్నలగడ్డ లక్ష్మయ్య ఒకరు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఒక పటం బతికింది. ఎందుకు బతికింది? అది గొప్పది కనుక అని సులువుగా అనేస్తాం. గొప్పదే, కానీ గొప్పవి కూడా ఎన్నో పోయాయి. అది బతికింది, తెలిసినవారు ఉండగానే ఎవరో వచ్చి వారి పక్కన కూర్చున్నందుకు. అడిగినందుకు, రాసుకున్నందుకు, నేర్పించినందుకు. రెండో పటానికి కూడా ఇతర చోట్ల అలాంటివారు దొరికారు. అహ్మదాబాదులో భానూభాయి షా తన జీవితమంతా పోగుచేసిన గాలిపటాలను నగరపాలక సంస్థకు ఇస్తే, 1980లలో వాటితో ప్రదర్శనశాల ఏర్పడింది. అమెరికా శిల్పి టాల్ స్ట్రీటర్ జపాను గాలిపటాల గురించి 1974లోనూ, భారతదేశపు గాలిపటాల గురించి 1996లోనూ పుస్తకాలు వేశాడు. ఎక్కడివాడో వచ్చి మన వీధుల్లో తిరిగి రాసుకున్నాడు. మన తెలుగులో ఆ పని మనం చేయవలసి ఉంది.

అందుకే ఐదో సాక్షి దగ్గర ఆగుతాను, చేతి దగ్గర. గాలిపటం కట్టేవాడిని గమనించండి. నలుచదరపు కాగితాన్ని మూల పైకి వచ్చేలా తిప్పి పెడతాడు. మూల నుంచి మూలకు నిలువు పుల్ల అంటిస్తాడు. రెండో పుల్లను విల్లులా వంచి అడ్డంగా బిగిస్తాడు. ఆ విల్లు రెండు వైపులా ఒకే బరువు ఉండాలి, అందుకని పుల్లను వేలి మీద నిలబెట్టి చూసి, బరువైన వైపు కత్తితో గీకుతాడు. దానికి తూనిక లేదు, వేలే త్రాసు. తరువాత సూత్రం. పైన ఒక చోట, కింద ఒక చోట దారం కట్టి, రెండూ కలిసే ముడిని ఒక వేలెడు అటో ఇటో జరుపుతాడు. ఆ జరపడంలోనే గాలిపటం గాలిని ఏ కోణంలో ఎదుర్కోవాలో తేలిపోతుంది. పందెపు గాలిపటానికి తోక ఉండదు. దారం వదులు చేస్తే గిర్రున తిరుగుతుంది, బిగిస్తే ముక్కు ఎటు ఉంటే అటు దూసుకుపోతుంది. ఇందులో లెక్క ఉంది, గాలిశాస్త్రం ఉంది. రాసిన పుస్తకం మాత్రం కట్టేవాడి వేళ్ళే.

పుస్తకాన్ని భద్రపరచవచ్చు, వేళ్ళను భద్రపరచలేం. ప్లాస్టిక్కు గాలిపటాలు సంచుల్లో దిగాక కాగితం గాలిపటం కట్టేవాడి అవసరం ఏటేటా తగ్గుతోంది. ఆయన పిల్లలు ఆ పనిలోకి రాకపోతే అది వారి తప్పు కాదు, ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే తిండి పెట్టే పని అది. ఆ పని నిలవాలని శాసించే హక్కు మనకు లేదు. కానీ అది ఎలా జరిగిందో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మిత్రులకు ఒక మనవి. మనలో ప్రతి ఒక్కరికీ ఒక ఊరుంది. మీ ఊళ్ళో గాలిపటాన్ని ఏమంటారు, సూత్రాన్ని ఏమంటారు, తెగిపోయినప్పుడు పిల్లలు ఏమని అరుస్తారు? ఏ నెలలో ఎగరేస్తారు, అప్పుడు గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది? పుల్ల వెదురా, కొబ్బరి ఈనె? అంటించేది మైదా బంకా, అన్నం మెతుకులా? కట్టి అమ్మేవారు ఇంకా ఉంటే, వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఒక పేజీ రాయండి, పక్కన ఒక ఫోటో పెట్టండి, తేదీ వేయడం మరవకండి. ముందుగా ఇంట్లో తాతయ్యనో, పెదనాన్ననో అడగండి. మా పెదనాన్నను అడిగితే ఆయన మాటల్లో చెప్పలేదు. పాత క్యాలెండరు కాగితం ఒకటి, చీపురుపుల్లలు రెండు తెమ్మన్నారు.